కడుపులోని కొవ్వు తెర: ఒమెంటం గురించి మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలను చదువుతుండగా ఒక విషయం నా దృష్టికి వచ్చింది. వేర్వేరు ఊళ్ల నుంచి, వేర్వేరు బాధలతో రాసిన ఆరుగురు పాఠకులు ఒకే మాట దగ్గర ఆగిపోయారు. స్కానింగు రిపోర్టులోనో డిశ్చార్జి కాగితంలోనో కనిపించిన 'ఒమెంటం' అన్న మాట అది. గుండె, కాలేయం, మూత్రపిండం వంటి పేర్లు మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒమెంటం అనేది ఒకటి తమ కడుపులో ఉందన్న సంగతి మాత్రం చాలామందికి దానికి జబ్బు చేసిన రోజునే తెలుస్తుంది. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మకు 56 ఏళ్లు. రెండు నెలలుగా పొట్ట ఉబ్బుతోంది, ఆకలి లేదు, సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. సి.టి. స్కాన్ తీయిస్తే 'ఒమెంటల్ కేకింగ్, పొట్టలో నీరు' అని రాశారు. సి.ఎ.–125 రక్తపరీక్ష 400 దాటింది. ఫోనులో వెతికితే ఇది ముదిరిపోయిన క్యాన్సర్ అని వస్తోంది. అమ్మకు చెప్పవద్దనీ, ఇక ఆసుపత్రుల చుట్టూ తిప్పి బాధపెట్టవద్దనీ మా అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకురాలు, నంద్యాల

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట చెబుతాను. మీ చేతిలో ఉన్న కాగితంలో ఇంకా జబ్బు పేరు లేదు. కనిపించిన రూపం పేరు మాత్రమే ఉంది. ఈ తేడా చిన్నదిగా అనిపించవచ్చు గాని, మీ అమ్మగారి విషయంలో జరగవలసిన ప్రతి నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంది.

జీర్ణాశయం కింది అంచు నుంచి బయలుదేరి, పేగుల ముందు భాగాన్ని కప్పుతూ, పొత్తికడుపు దాకా వేలాడే పలుచని కొవ్వు తెరను ఒమెంటం అంటారు. కడుపును లోపలివైపు అస్తరులా కప్పి ఉండే పెరిటోనియం పొరే మడతలు పడి ఈ తెరగా ఏర్పడుతుంది. మేకను కోసినప్పుడు పేగుల మీద పరచినట్టు కనిపించే తెల్లని వలలాంటి కొవ్వును చూసినవారికి దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు. మనిషిలో అది లేత పసుపు రంగులో, తడిగా, మెత్తగా ఉంటుంది. వేళ్ల మీదికి ఎత్తితే సన్నని రక్తనాళాలు, వాటి మధ్య కిటికీల్లాంటి పారదర్శకమైన చోట్లు కనిపిస్తాయి. స్కానులో ఇది మామూలుగా కొవ్వు తప్ప మరేమీ కాదన్నట్టు నల్లగా కనిపిస్తుంది. అందులోకి ఏదైనా జబ్బు పాకినప్పుడు తెర మందమై, గట్టిపడి, రొట్టెలాంటి పలకగా మారుతుంది. రేడియాలజిస్టులు దాన్నే 'కేక్' అని వర్ణిస్తారు. ఆ పలక దేనివల్ల ఏర్పడిందో ఆ మాట చెప్పదు.

ఆడవారిలో దీనికి ఎక్కువగా కారణమయ్యేది అండాశయ క్యాన్సర్ అన్న మాట నిజం. జీర్ణాశయం, పెద్దపేగు, క్లోమం వంటి చోట్ల పుట్టిన క్యాన్సర్లూ ఒమెంటానికి పాకుతాయి. లింఫు కణాల్లో పుట్టే క్యాన్సర్లయిన లింఫోమాలు కొన్ని ఇలాగే కనిపిస్తాయి. అపెండిక్స్‌లో పుట్టిన కణితి పగిలి కడుపంతా జిగట పదార్థం నిండే సూడోమిక్సోమా అనే అరుదైన జబ్బులోనూ ఇదే రూపం కనిపిస్తుంది. అయితే మన దేశంలో ఈ జాబితాలో తప్పనిసరిగా ఉండవలసిన మరో పేరు ఉంది. అది పెరిటోనియానికి సోకే క్షయ. ఊపిరితిత్తుల్లో క్షయ లేకుండానే, దగ్గు లేకుండానే అది కడుపులో ఉండవచ్చు. పొట్ట ఉబ్బడం, నీరు చేరడం, ఆకలి పోవడం, బరువు తగ్గడం, సాయంకాలపు జ్వరం, స్కానులో మందమైన ఒమెంటం, ఇవన్నీ దానిలోనూ ఉంటాయి. సి.ఎ.–125 గురించి అందరూ భయపడతారు గాని, అది క్యాన్సర్‌కు మాత్రమే పరిమితమైన పరీక్ష కాదు. పెరిటోనియం ఏ కారణంతో రేగినా ఆ సంఖ్య పెరుగుతుంది. క్షయలో వందల్లోకి వెళ్లడం మాకు కొత్త కాదు.

నేను ఆపరేషను థియేటరులో పనిచేసిన రోజుల్లో, క్యాన్సర్ అని అందరూ నిశ్చయించుకుని వచ్చిన ఒకామెకు లాప్రోస్కోపీ చేస్తూ కెమెరాను లోపలికి పంపగానే, పెరిటోనియం మీదా ఒమెంటం మీదా కొర్రగింజలు చల్లినట్టు తెల్లని పొక్కులు కనిపించాయి. ఈ రకం క్షయకు వైద్యంలో 'మిలియరీ' అన్న విశేషణం వచ్చింది కూడా చిరుధాన్యపు గింజల పోలికతోనే. అయినా కంటితో చూసి నమ్మకూడదని ముక్క తీసి పరీక్షకు పంపించాము. క్షయ అని తేలింది. ఆరు నెలల మందులతో ఆమె కోలుకున్నారు. మీ అమ్మగారిది కూడా అదేనని నేను చెప్పడం లేదు. సాయంత్రం జ్వరం అటువైపు సూచించినా, వయసూ మిగిలిన లక్షణాలూ క్యాన్సర్‌కూ సరిపోతాయి. ఉత్తరం చదివి ఎవరూ తేల్చలేరు, స్కాను చూసి కూడా తేల్చలేరు. అందుకే ముక్కపరీక్ష కావాలి.

చేయవలసినది స్పష్టంగా ఉంది. పొట్టలోని నీటిని సూదితో తీసి అందులోని కణాలు, ప్రొటీను, ఎ.డి.ఎ. అనే ఎంజైము పరీక్షించాలి. ఎ.డి.ఎ. బాగా ఎక్కువగా ఉంటే క్షయ వైపు మొగ్గు చూపవచ్చు. నీటిలో క్యాన్సర్ కణాలు దొరికితే ఆ దారి వేరు. కాని కడుపు నీటిలో క్షయ క్రిములు చాలా తక్కువగా ఉంటాయి కాబట్టి, క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సి.బి.నాట్ పరీక్షలో రాలేదన్నంత మాత్రాన క్షయ లేదని అనుకోకూడదు. ఇక్కడ ఒమెంటం మనకు ఒక మేలు చేస్తుంది. మందమైన తెర పొట్ట గోడకు సరిగ్గా వెనుకనే ఉంటుంది కాబట్టి, అల్ట్రాసౌండు చూస్తూ చర్మానికి మత్తు ఇచ్చి సూదితో ముక్క తీయడం చాలామందిలో సాధ్యమవుతుంది. పెద్ద ఆపరేషను అక్కరలేదు. సూదికి దొరకకపోతే లాప్రోస్కోపీ ఉంది. ఆ ముక్కను పెథాలజీకి ఒక సీసాలో, క్షయ పరీక్షలకు ఫార్మలిన్ (ముక్క చెడిపోకుండా వేసే ద్రవం) వేయని మరో సీసాలో పంపమని ముందే అడగండి. మొత్తం ముక్కను ఫార్మలిన్‌లో వేసిన తరువాత క్రిములను పెంచి చూసే అవకాశం ఉండదు.

క్షయ అని తేలితే ప్రభుత్వ కార్యక్రమం కింద మందులు ఉచితం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు ఇస్తారు. చికిత్స నడుస్తున్నంత కాలం పోషకాహారానికి నెలకు 1000 రూపాయలు నిక్షయ్ పోషణ్ యోజన కింద బ్యాంకు ఖాతాలో పడుతుంది. క్యాన్సర్ అని తేలినా, అండాశయం నుంచి వచ్చినదైతే కీమోథెరపీకి బాగా లొంగే రకాల్లో అదొకటి. ఆపరేషనూ మందులూ కలిపి చాలామంది ఏళ్ల తరబడి బతుకుతున్నారు. కనుక 'తిప్పడం ఎందుకు' అన్న మాట ముక్కపరీక్ష ఫలితం రాకముందు అనవలసినది కాదు. ఇక అమ్మగారికి చెప్పడం గురించి. ఆమె పొట్ట ఉబ్బుతున్న సంగతి ఆమెకు మీకన్నా ముందే తెలుసు. కారణం తేల్చడానికి పరీక్ష చేయిస్తున్నామని నిజం చెప్పి, చేయి పట్టుకుని తీసుకువెళ్లండి. ఈ వారమే వెళ్లండి.

ప్రశ్న: మావారు లారీ డ్రైవరు, వయసు 38. నడుము నొప్పికి మందుల షాపులో కొని మాత్రలు వేసుకునేవారు. పోయిన నెల ఒక రాత్రి కడుపులో కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చి మెలికలు తిరిగిపోయారు. తెల్లవారేలోగా ఆపరేషను చేశారు. కాగితంలో 'డ్యుయోడినల్ పెర్ఫొరేషన్, మోడిఫైడ్ గ్రాహమ్ ఒమెంటల్ ప్యాచ్' అని ఉంది. లోపల ఏదో గుడ్డముక్క అతికించారనీ, దాన్ని మళ్లీ తీయాలనీ మా అత్తగారు బెంగపడుతున్నారు. అది ఎన్నాళ్లు ఉంటుంది?
— ఒక సోదరి, సూర్యాపేట

జవాబు: అమ్మా, ఆ ప్యాచ్ బయటి నుంచి తెచ్చి అతికించినది కాదు. అది మీవారి సొంత ఒమెంటమే. దాన్ని తీయవలసిన పని లేదు. అది జీవితాంతం అక్కడే అతుక్కుని ఉంటుంది. మీ అత్తగారికి ఈ మాట మొదట చెప్పండి.

చిన్నపేగు మొదటి భాగంలో పుండు పడి చిల్లు పడినప్పుడు పైత్యరసం, ఆహారం కడుపులోకి కారిపోతాయి. ఆ చిల్లు అంచులు మెత్తబడి ఉండటం వల్ల నేరుగా కుట్లు వేసి బిగిస్తే చిరిగిపోయే ప్రమాదం ఉంటుంది. అందువల్ల చిల్లుకు అటూ ఇటూ మూడు నాలుగు కుట్ల దారాలు పోసి, దగ్గరలోని ఒమెంటం ముక్కను రక్తనాళాలు తెగకుండా పైకి లాగి, చిల్లు మీద బిరడాలా పరచి, దారాలను దాని మీద ముడివేస్తాము. ఆ ముడి వేసేటప్పుడు చేతికి ఒక లెక్క ఉండాలి. వదులైతే కారుతుంది. మరీ బిగిస్తే ఒమెంటానికి రక్తం అందక అది చచ్చిపోతుంది. ఒమెంటం ఊరికే మూత వేయడమే కాదు, కొద్ది గంటల్లోనే చిల్లు అంచులకు అతుక్కుని, అక్కడికి కొత్త రక్తనాళాలను, క్రిములను తినే కణాలను తీసుకువస్తుంది. చిల్లు పడిన వెంటనే చాలాసార్లు ఒమెంటం అప్పటికే ఆ చోటుకు చేరి అతుక్కుని ఉండటాన్ని కడుపు తెరిచినప్పుడు చూస్తాము. సర్జను చేసేది ఆ పనిని పూర్తి చేయడమే.

ఈ పద్ధతికి పేరు కెనడాలోని టొరంటోకు చెందిన రాస్కో గ్రాహమ్ అనే సర్జన్‌ది. ఆయన 1937లో దీన్ని ప్రచురించారు. ఒమెంటంతో చిల్లు మూయడాన్ని అంతకు ముందే 1929లో సెల్లన్ జోన్స్ అనే వైద్యుడు రాశారు. గ్రాహమ్ వాడినది పూర్తిగా తెంపిన ముక్క. ఇప్పుడు మేము రక్తప్రసారం ఉన్న ముక్కనే వాడతాము. ఆ మార్పు వల్లనే మీ కాగితంలో 'మోడిఫైడ్' అన్న మాట వచ్చింది. కొన్ని ఆసుపత్రులు ఇదే ఆపరేషనును 'ఒమెంటోపెక్సీ' అని రాస్తాయి. రెండూ ఒకటేనని గుర్తుంచుకోండి.

మీరు అడగని, కాని ఇంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. ప్యాచ్ చిల్లును మూసింది గాని, పుండు పడటానికి కారణమైనదాన్ని తీసివేయలేదు. ఆ నొప్పి మాత్రలు ఇక ముట్టకూడదు. నడుము నొప్పికి వేరే మార్గం చూడమని డాక్టరును అడగండి. బీడీ, సిగరెట్టు అలవాటు ఉంటే మానాలి. హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉందో లేదో పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష సరిగా రావాలంటే యాసిడ్ తగ్గించే మాత్రలను రెండు వారాల ముందు ఆపవలసి ఉంటుంది. అయితే మీవారికి ఆపరేషను ఈమధ్యే అయింది కాబట్టి, ఎప్పుడు ఆపాలో సర్జనే చెప్పాలి. మీరుగా ఆపవద్దు. క్రిమి ఉంటే రెండు వారాల మందులతో పోతుంది. పోయిందని మళ్లీ పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. కారం గురించి ఇంట్లో ఎంత చర్చ జరుగుతుందో నాకు తెలుసు. పుండుకు కారణం కారం కాదు, ఆ మాత్రలూ ఆ క్రిమీ. కొన్ని వారాలు చప్పగా తినడం మంచిదే, దాన్నే పథ్యమనుకుని అసలు పరీక్షను వదిలేయకండి.

ప్రశ్న: నేను హైదరాబాదులో మెడికల్ కోడింగ్ చేస్తాను. ఒమెంటెక్టమీ, ఒమెంటోపెక్సీ, ఒమెంటోప్లాస్టీ, ఒమెంటోరఫీ, ఎపిప్లోయిక్, ఇలా రోజూ కనిపించే మాటల మధ్య తేడా పట్టుకోలేకపోతున్నాను. అలాగే ఒమెంటానికి తెలుగులో పేరు ఉందా?
— పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. మాటను విడదీసి చూసే అలవాటు పడితే డిశ్చార్జి కాగితంలో సగం భయం పోతుంది. ప్రతి పేరులోనూ మొదటి సగం చోటును, రెండవ సగం అక్కడ చేసిన పనిని చెబుతాయి.

చోటుకు రెండు పేర్లు ఉండటం వల్లనే గందరగోళం వస్తుంది. 'ఒమెంటం' లాటిన్ మాట, 'ఎపిప్లూన్' గ్రీకు మాట, రెండింటి అర్థమూ ఒకటే. కాబట్టి ఒమెంటంలో కొంత భాగం హెర్నియా సంచిలోకి దిగితే ఒకరు 'ఒమెంటోసీల్' అనీ, మరొకరు 'ఎపిప్లోసీల్' అనీ రాయవచ్చు. జీర్ణాశయం వెనుక ఉన్న ఒమెంటల్ బర్సా అనే సంచిలోకి వెళ్లే సన్నని ద్వారాన్ని కొందరు 'ఎపిప్లోయిక్ ఫోరామెన్' అనీ, డెన్మార్కులో పుట్టిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త పేరు మీద 'ఫోరామెన్ ఆఫ్ విన్స్‌లో' అనీ అంటారు. కాని ఒకచోట జాగ్రత్త పడండి. 'ఎపిప్లోయిక్ అపెండేజ్' అన్నది ఒమెంటం కాదు. అది పెద్దపేగు బయటి గోడకు గుత్తుల్లా వేలాడే చిన్న కొవ్వు తిత్తి. దానికి వచ్చే 'ఎపిప్లోయిక్ అపెండజైటిస్'ను ఒమెంటం జబ్బుగా లెక్కవేస్తే పొరపాటవుతుంది.

ఇక పనులు. 'ఎక్టమీ' అంటే తీసివేయడం. ఒమెంటెక్టమీ రాసి ఉంటే ఎంత తీశారో కూడా చూడండి. అడ్డంగా ఉన్న పెద్దపేగుకు కింది భాగం మాత్రమే తీస్తే 'ఇన్‌ఫ్రాకోలిక్', జీర్ణాశయం అంచు దాకా మొత్తం తీస్తే 'టోటల్' లేదా 'సుప్రాకోలిక్' అంటారు. పరీక్షకు చిన్న ముక్క తీసినది బయాప్సీ మాత్రమే, ఒమెంటెక్టమీ కాదు. 'రఫీ' అంటే కుట్టడం. 'పెక్సీ' అంటే ఒకచోట కదలకుండా బిగించడం. 'ప్లాస్టీ' అంటే ఒక కణజాలంతో మరో లోపాన్ని పూడ్చడం. ఈ చివరి రెంటినీ సర్జన్లే ఒకదానికొకటి వాడేస్తారు కాబట్టి, పేరును బట్టి కాక, ఆపరేషను వివరాల్లో ఏం చేశారో చదివి కోడు ఎంచుకోవాలని నా సలహా. ఒమెంటోప్లాస్టీకి చక్కని ఉదాహరణ కాలేయంలోని హైడాటిడ్ తిత్తి. కుక్కల ద్వారా వ్యాపించే ఆ బద్దెపురుగు జబ్బు గొర్రెల పెంపకం ఉన్న ప్రాంతాల్లో కనిపిస్తుంది, మన రాష్ట్రాల్లోనూ ఉంది. తిత్తిని ఖాళీ చేసిన తరువాత మిగిలే బోలు చోటులో రసి చేరకుండా ఒమెంటంతో నింపుతారు. గుండె ఆపరేషను తరువాత రొమ్ముటెముకకు చీము పట్టినప్పుడు ఇదే తెరను ఛాతీ దాకా లాగి గాయాన్ని పూడ్చడం కూడా ఉంది. అప్పుడు దాన్ని 'ఒమెంటల్ ఫ్లాప్' అంటారు. రక్తనాళం తెగకుండా తెస్తే 'పెడికిల్డ్', తెంపి వేరేచోట అతికిస్తే 'ఫ్రీ'.

ఇంతటి పని చేసే తెరకు ఇంగ్లండులోని న్యూకాసిల్ సర్జను రదర్‌ఫర్డ్ మారిసన్ 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో 'ఉదరంలోని పోలీసు' అని పేరు పెట్టారు. అపెండిక్స్ చీము పడితే అక్కడికి చేరి చుట్టేస్తుందని ఆయన ఉద్దేశం. నిజానికి ఒమెంటం తనంతట తాను నడిచి వెళ్లదు. పేగుల కదలికతో, ఊపిరి తీసినప్పుడు కడుపు గోడ కదలికతో అది జరుగుతూ ఉంటుంది, రేగిన చోటు తగిలినప్పుడు అంటుకుంటుంది. దానిలో పాలచుక్కల్లాంటి తెల్లని మచ్చలు ఉంటాయి. ఫ్రాన్సు శాస్త్రవేత్త రాన్వియే 1874లో వాటికి పాలమచ్చలు అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. క్రిములను తినే కణాల గుంపులు అవి. దురదృష్టవశాత్తూ, కడుపులో తేలే క్యాన్సర్ కణాలకు కూడా మొదటి మజిలీ తరచుగా ఆ మచ్చలే అవుతున్నాయి.

తెలుగు పేరు గురించి అడిగారు. సంస్కృతంలో దీనికి 'వప' అన్న మాట ఉంది. వైదిక యజ్ఞాల్లో పశువు ఒమెంటాన్ని విడిగా తీసి అగ్నిలో వేల్చే 'వపాహోమం' ఉన్నది కాబట్టి, ఈ తెరను వేరే అవయవంగా గుర్తించడం మన దగ్గర చాలా పాతది. తెలుగు నిఘంటువుల్లోనూ వప అంటే కొవ్వు అనే అర్థం కనిపిస్తుంది. రోగితో మాట్లాడేటప్పుడు నేను మాత్రం 'పేగుల మీది కొవ్వు తెర' అనే అంటాను. అది విన్నవారికి వెంటనే అర్థమవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 11 ఏళ్లు, కొంచెం బొద్దుగా ఉంటాడు. కుడివైపు పొట్టనొప్పి వస్తే అపెండిసైటిస్ అని చేర్చుకున్నారు. స్కాను తీశాక 'ఒమెంటల్ ఇన్‌ఫార్క్షన్, అపెండిక్స్ మామూలుగా ఉంది' అని చెప్పి ఆపరేషను లేకుండా నొప్పి మందులతో పంపించేశారు. ఇన్‌ఫార్క్షన్ అంటే గుండెపోటు కదా? అంత పెద్ద జబ్బుకు మందులు చాలునా?
— ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: ఇన్‌ఫార్క్షన్ అంటే రక్తం అందక ఒక భాగం చచ్చిపోవడం. అది గుండెకు జరిగితే గుండెపోటు అవుతుంది. ఒమెంటంలో ఒక మూలకు జరిగితే అంత ప్రమాదం ఉండదు, ఎందుకంటే ఆ మూల లేకపోయినా శరీరానికి లోటు రాదు. ఇది అరుదైన జబ్బే. ఎక్కువగా కుడివైపే వస్తుంది, అందుకే అపెండిక్స్ అని భ్రమ పడతారు. బొద్దుగా ఉన్న పిల్లల్లో, పెద్దవారిలో కాస్త ఎక్కువగా చూస్తాము. కొవ్వు బరువుకు తెర మెలితిరిగి రక్తనాళం మూసుకుపోతే దాన్ని 'టార్షన్' అంటారు. మెలిక లేకుండానూ జరగవచ్చు. వెనుకటి రోజుల్లో ఇది అపెండిక్స్ ఆపరేషనుకని కడుపు తెరిచాకే బయటపడేది. సి.టి. స్కాన్ వచ్చిన తరువాత కత్తి పెట్టకుండానే గుర్తించగలుగుతున్నాము. అందువల్ల మీ డాక్టర్లు తొందరపడకపోవడం నిర్లక్ష్యం కాదు, సరైన నిర్ణయమే.

చాలామందిలో ఒకటి రెండు వారాల్లో నొప్పి తగ్గిపోతుంది. జ్వరం పెరిగినా, వాంతులు ఆగకపోయినా, నొప్పి పొట్టంతా పాకినా, రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోయినా వెంటనే తిరిగి వెళ్లండి. అప్పుడు లాప్రోస్కోపీతో ఆ చచ్చిన భాగాన్ని తీయవలసి రావచ్చు.

ప్రశ్న: బొజ్జ అంతా ఒమెంటంలోని కొవ్వేనని విన్నాను. ఆపరేషను చేసి దాన్ని తీసేస్తే షుగరు కూడా తగ్గుతుందా?
— పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: బొజ్జలో రెండు రకాల కొవ్వు ఉంటుంది. చేత్తో పట్టుకుంటే మడతగా దొరికేది చర్మం కింది కొవ్వు. పట్టుకుంటే దొరకకుండా పొట్టను గట్టిగా ముందుకు నెట్టేది లోపలి కొవ్వు. ఒమెంటం దానిలో పెద్ద భాగం. షుగరుకు, గుండెజబ్బుకు ఎక్కువ సంబంధం ఉన్నది ఈ లోపలిదానికే. లైపోసక్షన్‌తో చర్మం కిందిదే పోతుంది, లోపలిది పోదు. ఇక ఒమెంటాన్నే తీసివేసి చూసిన పరిశోధనలు జరిగాయి. బరువు తగ్గించే ఆపరేషనుకు ఒమెంటెక్టమీని జోడించినవారికి, జోడించనివారికి షుగరు విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కనుక ఆ ఆలోచన వదలండి. మన దేశంలో మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది వైద్యులు పాటించే హద్దు. టేపు పెట్టి కొలుచుకోండి. తిండి తగ్గించి, నడక పెంచినప్పుడు ఈ లోపలి కొవ్వే ముందుగా కరుగుతుంది.

ప్రశ్న: నేను అమెరికాలో ఉంటాను. మా అమ్మకు విజయవాడలో అండాశయ క్యాన్సర్ ఆపరేషను జరిగింది. గర్భసంచి, అండాశయాలతో పాటు ఒమెంటం కూడా తీశారు. 'ఒమెంటంలో 1.5 సెంటీమీటర్ల డిపాజిట్' అని రిపోర్టు వచ్చింది. అదనంగా ఒక అవయవం ఎందుకు తీశారు? అది లేకుండా ఆవిడ ఎలా ఉంటారు? తెలుగులో చెబితే అమ్మకు చదివి వినిపిస్తాను.
— ఒక కుమార్తె, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, మీరు చదివి వినిపిస్తారు కాబట్టి మీ అమ్మగారితోనే మాట్లాడుతున్నట్టు రాస్తున్నాను.

అమ్మా, అండాశయం కడుపులో ఏ తొడుగూ లేకుండా తెరిచినట్టు ఉంటుంది. అక్కడి నుంచి రాలిన కణాలు కడుపులోని పలుచని ద్రవంలో తేలుతూ పైకి వచ్చి ఒమెంటం మీద వాలతాయి. కంటికి మామూలుగా కనిపించిన ఒమెంటంలో కూడా సూక్ష్మదర్శినితో చూస్తే కణాలు దొరకవచ్చు. అందుకే దాన్ని తీయడం ఈ ఆపరేషనులో భాగమే. జబ్బును తీసివేయడానికీ, ఎంతవరకు వచ్చిందో కొలవడానికీ రెండింటికీ అది అవసరం. అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం పొత్తికడుపు దాటి కణాలు సూక్ష్మంగా మాత్రమే ఉంటే 3–ఎ, కంటికి కనిపిస్తూ 2 సెంటీమీటర్ల లోపు ఉంటే 3–బి, అంతకు మించితే 3–సి. మీ గడ్డ 1.5 సెంటీమీటర్లు కాబట్టి ఒమెంటం వరకు చూస్తే 3–బికి సరిపోతుంది. కాని ఆపరేషనుకు ముందే కీమో ఇచ్చి ఉంటే గడ్డ అప్పటికే చిన్నదై ఉంటుంది, అప్పుడు మొదటి స్కానును బట్టే దశను నిర్ణయిస్తారు. మిగిలిన చోట్ల ఏముందో కూడా లెక్కలోకి వస్తుంది. కనుక ఈ ఒక్క సంఖ్యను పట్టుకుని మీకై మీరు దశను నిర్ణయించుకోవద్దు. కడుపులో కంటికి కనిపించేంత జబ్బు ఏమైనా మిగిలిందా అని సర్జను గారిని తప్పకుండా అడగండి. దశ కన్నా ఆ జవాబే ముందుదారిని ఎక్కువగా చెబుతుంది.

ఒమెంటం లేకుండా ఎలా ఉంటారని మీ అమ్మాయి అడిగింది. రెండవ శతాబ్దపు వైద్యుడు గేలెన్, గాయపడిన ఒక కత్తియోధుడికి ఒమెంటం దాదాపు మొత్తం తీయవలసి వచ్చిందనీ, ఆ తరువాత అతడికి కడుపులో చలి ఎక్కువైందనీ రాశాడు. ఒమెంటం పేగులను వెచ్చగా ఉంచుతుందని ఆ కాలపు నమ్మకం. ఇన్నేళ్లుగా ఒమెంటెక్టమీ అయినవారిని చూసిన అనుభవంతో చెబుతున్నాను, అటువంటి తేడా ఏదీ రాదు. అరుగుదల మారదు. ప్రత్యేకమైన పథ్యం లేదు. ఆకలి వేసినంత తినండి. ప్రొటీను ఎక్కువగా ఉండేలా పప్పు, గుడ్డు, పెరుగు తీసుకోండి. మొదటి ఆరు వారాలు నీళ్ల బిందె, గ్యాసుబండ ఎత్తకండి. పొట్టనొప్పితో పాటు వాంతులు వచ్చి, గాలి కూడా పోకుండా ఆగిపోతే పేగులు అతుక్కున్నాయేమో చూడాలి, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.

మీ అమ్మాయితో ఒక మాట. అమ్మగారి ఆపరేషను నోట్సు, పెథాలజీ రిపోర్టు, ఆపరేషనుకు ముందు తీసిన సి.టి. స్కాన్ సి.డి., ఈ మూడింటి నకలు మీ దగ్గర ఉంచుకోండి. పెథాలజీ విభాగంలో మైనం దిమ్మెలుగా భద్రపరచిన కణజాలాన్ని కూడా అడిగి తీసుకోవచ్చు. బి.ఆర్.సి.ఎ. జన్యుపరీక్షకు అది ఉపయోగపడుతుంది. ఆ పరీక్షలో మార్పు ఉన్నట్టు తేలితే అమ్మగారికి వాడే మందులూ మారతాయి. కూతురిగా మీరు కూడా ఆ పరీక్ష చేయించుకోవలసి ఉంటుంది.